స్పీకర్ ఈక్యూ: ల్యాబ్ కొలతని నమ్మాలా, గది కొలతనా?

మా బావమరిదీ నేనూ ఒకే మోడల్ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్నాం. బేస్ పలికే ఊఫర్ ఆరున్నర అంగుళాలు, పై స్వరాలు పలికే డోమ్ ట్వీటర్ అంగుళం. నాది విజయవాడ, వాడిది డాలస్. నేను మైకు పెట్టి కొలిచి, ఈక్యూ (ఈక్వలైజర్, అంటే శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో దిద్దేది) వేసుకుని, "పాట ఎలా మారిపోయిందో తెలుసా" అని ఫోన్లో గొప్పలు పోయాను. వాడు ఊరుకుంటాడా? "బావా, ఆ ఫైలు వాట్సాప్‌లో పడెయ్" అన్నాడు. పడేశాను. మర్నాడే ఫోను: "బేస్ అంతా ఎక్కడికి పోయింది బావా? డప్పు కొడుతుంటే అట్టపెట్టె కొట్టినట్టుంది."

ఆ ఫైల్లో ఏడు ఫిల్టర్లున్నాయి, ఒక్కోటీ ఒక ఫ్రీక్వెన్సీ చుట్టూ శబ్దాన్ని పెంచేదో తగ్గించేదో. కూర్చుని ఒక్కొక్కటీ చూస్తే, నాలుగు మా హాలు గోడలకి సంబంధించినవి. స్పీకర్‌కి సంబంధించినవి మూడే. నా గోడల జబ్బుకి రాసిన మందు వాడు మింగాడు.

"ఏ సాఫ్ట్‌వేర్ మంచిది" అని అడిగేవాళ్లకి నేను చెప్పేది కూడా అందుకే ముందు కొలత గురించి. సాఫ్ట్‌వేర్ ఏదైనా మీరిచ్చిన గ్రాఫునే దిద్దుతుంది. ఆ గ్రాఫు స్పీకర్‌దా, గదిదా, రెండూ కలిసిందా అన్నది దానికి తెలీదు. మీరే చెప్పాలి. (స్పీకర్ మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే చర్చంతా ఆ స్పీకర్ మంచిదా కాదా అన్న దాని మీదికి పోతుంది.)

ల్యాబ్ కొలత

ప్రతిధ్వని లేని గదిలో స్పీకర్‌ని తిప్పుతూ అన్ని వైపుల నుంచీ కొలిచేదాన్ని జనం స్పినొరామా అంటున్నారు. కెనడాలో, ఒటావాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ మొదలుపెట్టిన పని ఇది. 1991లో ఆయన స్పీకర్లు చేసే హార్మన్ కంపెనీకి వెళ్లాక అక్కడ షాన్ ఆలివ్‌తో కలిసి ముందుకు తీసుకెళ్లారు. ఇప్పుడది సీటీఏ-2034-ఏ అనే ప్రమాణం. అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, పది డిగ్రీలకో కొలత, మొత్తం 70 కొలతలు. పెద్ద గది లేకుండానే ఇదే పని చేసే యంత్రం కూడా వచ్చింది. జర్మనీలో డ్రెస్డెన్‌కి చెందిన క్లిప్పెల్ వాళ్ల నియర్ ఫీల్డ్ స్కానర్. మైకు స్పీకర్ చుట్టూ దగ్గరగా తిరిగి కొలిస్తే, దూరంగా ఎలా వినిపిస్తుందో లెక్కగట్టి చెబుతుంది. ఆడియో సైన్స్ రివ్యూ, ఎరిన్స్ ఆడియో కార్నర్ లాంటి చోట్ల వచ్చే గ్రాఫులు దీంతో తీసినవే.

ఈ డేటాని ఒకచోట చేర్చి, దాన్నిబట్టి ఈక్యూ కూడా లెక్కగట్టి పెట్టే స్పినొరామా డాట్ ఆర్గ్ ఉంది. మీ స్పీకర్ అక్కడ దొరికితే పైసా ఖర్చు లేకుండా పని సగం అయిపోయినట్టే. కానీ ఫైలు దింపుకుని కళ్లు మూసుకుని పెట్టేసుకోకండి. ముందు గ్రాఫు చూడండి.

చూడాల్సింది ఒక్క గీత కాదు, నాలుగు గీతలు కలిసి నడుస్తున్నాయా లేదా అన్నది. ఆన్ యాక్సిస్ అంటే ఎదురుగా ఉన్నది. లిజనింగ్ విండో అంటే ఎదురుగా ఉన్న దాని చుట్టుపక్కల కొన్ని కోణాల సగటు. ఎర్లీ రిఫ్లెక్షన్స్ గోడలకీ నేలకీ కప్పుకీ ఒక్కసారి తగిలి వచ్చేవి. సౌండ్ పవర్ అన్ని దిక్కులకీ పోయే మొత్తం. మా స్పీకర్లో 1,100 హెర్ట్జ్ దగ్గర ఒక సన్నటి మిట్ట ఉంది, రెండున్నర డెసిబెల్స్. నాలుగు గీతల్లోనూ అదే చోట, అదే ఎత్తులో. అంటే పెట్టెలోనో, వెనక పోర్టులోనో (గాలి రంధ్రం), ఊఫర్ కోన్‌లోనో ఏదో మోగుతోంది. ఎటు నుంచి విన్నా ఉంటుంది కాబట్టి ఈక్యూతో కోస్తే అన్ని వైపులా పోతుంది. ఇది కొయ్యదగ్గ మిట్ట.

అదే స్పీకర్లో 2,000 దగ్గర ఇంకో వింత. ఎదురుగా గీత చదునుగానే ఉంది, పక్కల గీతల్లో మాత్రం పల్లం. ఆ తర్వాత 3,500 నుంచి 4,500 దాకా పక్కల ఉబ్బెత్తు. ఆరున్నర అంగుళాల ఊఫర్ పైకి పోయేకొద్దీ ముందుకే సన్నగా చిమ్ముతుంది. దాని చేతి నుంచి పాట అందుకున్న చిన్న ట్వీటర్ ఒక్కసారిగా అన్ని వైపులా వెదజల్లుతుంది. ట్వీటర్ చుట్టూ వేవ్‌గైడ్ (శబ్దం పరుచుకునే వెడల్పుని అదుపుచేసే గిన్నెలాంటి చట్రం) లేని టూ-వే (ఊఫర్, ట్వీటర్ రెండే ఉండే) స్పీకర్లలో ఇది మామూలే. ఈక్యూ ఈ కోణాల తేడాని మార్చలేదు, ఎందుకంటే ఏ ఫిల్టరైనా అన్ని కోణాల్నీ ఒకే కొలతలో పైకో కిందికో జరుపుతుంది. పక్కల పల్లాన్ని పూడిస్తే ఎదురుగా మిట్ట లేస్తుంది. నేను చేసిందల్లా ఒక బేరం: 4,000 దగ్గర వెడల్పుగా ఒకటిన్నర డెసిబెల్ తగ్గించాను. ఎదురుగా చిన్న పల్లం పడింది, గదిలో మొత్తమ్మీద సిబిలెన్స్ (స, ష పలికినప్పుడు వచ్చే బుస) తగ్గింది. అంతకంటే కావాలంటే స్పీకర్ మార్చుకోవాలి.

ఎదురుగా మాత్రమే కనిపించి మిగతా గీతల్లో లేని సన్నటి పల్లం ఉంటే దాని జోలికి పోవద్దు. అది సాధారణంగా పెట్టె అంచుల నుంచి వచ్చే అలలు కొట్టేసుకోవడం. తల అంగుళం జరిపితే అదీ జరుగుతుంది.

ఇంకో జాగ్రత్త. ల్యాబ్‌లో కొలిచిన జత మీ ఇంట్లో ఉన్న జత కాదు. చవక స్పీకర్లలో ఒకే మోడల్ రెండు పీసుల మధ్య ఒకటి రెండు డెసిబెల్స్ తేడా రావచ్చు. అందుకే ల్యాబ్ డేటాతో వేసే ఫిల్టర్లు వెడల్పుగా ఉంచుకుంటే మంచిది. క్యూ విలువ (ఇది పెరిగేకొద్దీ ఫిల్టరు సన్నబడుతుంది) మూడు, నాలుగు దాటితే ఆ సన్నటి ఫిల్టరు మీ పీసుకి సరిపోతుందన్న భరోసా తక్కువ. యాక్టివ్ స్పీకర్లయితే (ఆంప్లిఫయర్ లోపలే ఉండేవి) వెనక స్విచ్చులు కూడా చూడండి. జేబీఎల్ 305పీ మార్క్-2 లాంటి వాటికి వెనకాల ట్రెబుల్ తగ్గించే, పెంచే స్విచ్ ఉంటుంది. ల్యాబ్ వాళ్లు దాన్ని సున్నాలో పెట్టి కొలిచి, మీరు ప్లస్‌లో పెట్టుకుంటే ఆ ఫైలు మీకు పనికిరాదు.

గది కొలత

ఇక మైకు మన సోఫాలో పెట్టి కొలిచేది. రూమ్ ఈక్యూ విజార్డ్, అందరూ ఆర్‌ఈడబ్ల్యూ అంటారు, జాన్ మల్కాహీ రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. స్పీకర్‌లోకి ఒక స్వీప్ పంపుతుంది. ఏనుగు ఘీంకారంతో మొదలై కుక్కర్ విజిల్ దాటి పైకి పోయే శబ్దం, ఐదారు సెకన్లు. మా ఇంట్లో దీన్ని రాత్రి పదకొండు తర్వాతే చెయ్యాలి, ఎందుకంటే ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఊరుకోవాలి, రోడ్డు మీద ఆటోలు తగ్గాలి. మూడో రాత్రికి పైఫ్లాట్ ఆయన లిఫ్టు దగ్గర ఆపి, "ఏమండీ, మీ ఇంట్లో మోటరేమైనా పాడైందా?" అని అడిగారు.

మా హాలు 14 అడుగులు, 12 అడుగులు, ఎత్తు 10. సిమెంటు గోడలు, నేల మీద టైల్స్, ఒక సోఫా, ఒక దివాన్. ఎదురెదురు గోడల మధ్య సగం అల సరిగ్గా పట్టే చోట గది మోగుతుంది. శబ్దవేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఆ ఫ్రీక్వెన్సీ వస్తుంది. మన ఎండలకి శబ్దవేగం సెకనుకి 349 మీటర్లనుకుంటే, 14 అడుగులకి 41 హెర్ట్జ్, 12 అడుగులకి 48, పదడుగులకి 57. మైకు పెట్టి చూస్తే గ్రాఫులో ఆ మూడు చోట్లా మిట్టలే. 48 దగ్గరది చుట్టుపక్కల కంటే 11 డెసిబెల్స్ పైన. సినిమా పాటలో కిక్ డ్రమ్ ఆగిపోయాక కూడా "మ్‌మ్‌మ్" అని గది మూలుగుతూ ఉండేది ఇందుకే.

దీనికి ఈక్యూ నిజంగా మంచి మందు. 48 హెర్ట్జ్, మైనస్ 8 డెసిబెల్స్, క్యూ 5 అని ఒక ఫిల్టర్ వేస్తే మిట్ట తగ్గడమే కాదు, మూలుగు కూడా తగ్గుతుంది. గది మోత ఫ్రీక్వెన్సీలోనూ కాలంలోనూ ఒకదానికొకటి కట్టుబడి నడుస్తుంది కాబట్టి ఒకటి దిద్దితే రెండోది దానంతటదే దారికొస్తుంది. ఆర్‌ఈడబ్ల్యూలో వాటర్‌ఫాల్ గ్రాఫు (శబ్దం కాలంతో ఎలా ఆరిపోతుందో చూపేది) ముందూ వెనకా పెట్టి చూస్తే, పొడుగ్గా సాగిన ఆ తోక పొట్టిదవడం కళ్లారా కనిపిస్తుంది. మైనస్ 11 కాకుండా 8 దగ్గర ఎందుకు ఆగానంటే, పక్క సీట్లో మిట్ట అంత ఎత్తు లేదు. మూడు సీట్లలోనూ కొలిచి సగటు తీస్తే వచ్చింది వేశాను.

పల్లాల కథ వేరు. స్పీకర్లు వెనక గోడకి మూడడుగుల దూరంలో ఉన్నప్పుడు 95 దగ్గర లోతైన గుంట. వెనక గోడకి కొట్టుకుని వచ్చిన అల, నేరుగా వచ్చే అలకి సరిగ్గా ఎదురై రెండూ రద్దయిపోతున్నాయి. ఇది నాకు గ్రాఫు కంటే ముందు చెవికే తెలిసింది. ఒకటో శ్రుతి పెట్టుకున్న గాయకుడి తంబురలో మొదటి తీగ, మంద్ర పంచమం, 98 హెర్ట్జ్. ఆ తీగ మీటినప్పుడు నాదం సన్నగా, గాలిలో తేలినట్టు ఉండేది. మిగతా మూడు తీగలకీ ఒళ్లుంది, దీనికి లేదు. తంబుర రికార్డింగే అలా ఉందనుకున్నాను చాలా రోజులు.

ఈక్యూలో పెంచి చూశాను. ఆరు డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ నాలుగింతలు పవర్ ఇవ్వాలి, పది పెంచితే పదింతలు. నేను పెంచినంతా గోడ నుంచి కూడా అంతే పెరిగి వచ్చి మళ్లీ కొట్టేసింది. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు. స్పీకర్లని వెనక్కి జరిపి గోడకి ఒకటిన్నర అడుగు దూరంలో పెడితే ఆ గుంట 190 చుట్టుపక్కలకి పోయింది. అక్కడ ఐదో శ్రుతి గాయనుల ఆధార షడ్జం ఉంటుందని సంగీతం తెలిసినవాళ్లు నవ్వొచ్చు, నిజమే. కానీ అంత పైన స్పీకర్ వెనక్కి కొట్టేది తక్కువ కాబట్టి గుంట లోతు నాలుగైదు డెసిబెల్సే మిగిలింది. స్పీకర్ వెనకాల గోడకి నాలుగంగుళాల రాక్‌వుల్ (శబ్దాన్ని పీల్చే రాతి ఉన్ని) ప్యానెల్ ఒకటి ఆనిస్తే అదీ సగమైంది. తంబురకి ఒళ్లొచ్చింది. ఈ పనికి సాఫ్ట్‌వేర్ కొలిచి చూపించింది, అంతవరకే. దిద్దింది రెండు చేతులూ ఒక టేపూ.

వెంటెడ్ స్పీకర్లలో, అంటే పోర్టు ఉన్నవాటిలో, ఇంకొకటి గుర్తుంచుకోండి. పోర్టు ట్యూనింగ్ (పోర్టు మోగే ఫ్రీక్వెన్సీ) కంటే కింద బేస్ పెంచకండి. అక్కడ కోన్‌ని పట్టి ఉంచే గాలి ఒత్తిడి ఉండదు, కోన్ విచ్చలవిడిగా ఊగుతుంది. శబ్దం రాదు, ఊఫర్ పోతుంది.

సరిహద్దు ఎక్కడ

గది కొలత ఇంత బాగా పనిచేస్తే పైనుంచి కిందిదాకా దాంతోనే దిద్దేయొచ్చు కదా? చాలామంది చేసే తప్పు ఇదే, నేనూ చేశాను. సోఫాలో మైకుకి నేరుగా వచ్చింది, గోడ నుంచి వచ్చింది, కప్పు నుంచి వచ్చింది అన్నీ కలిపి ఒకే ముద్దగా అందుతాయి. చెవి అలా వినదు. ముందొచ్చిన దాన్ని స్పీకర్‌గా, తర్వాత వచ్చినదాన్ని గదిగా విడదీసుకుంటుంది. మైకు చూపించిన గీతని 20,000 దాకా గీటుగీసినట్టు చదును చేస్తే, మంచి స్పీకర్ని చెడగొట్టడమే. పైకి పోయేకొద్దీ స్పీకర్ పక్కలకి చిమ్మేది తగ్గుతుంది కాబట్టి గదిలో గీత సహజంగానే కుడివైపుకి వాలుతుంది. ఆ వాలుని చదును చేస్తే ట్రెబుల్ పెరిగి, పాట రేకు మీద వాన పడ్డట్టు ఉంటుంది. మొదటిసారి నాకు వచ్చింది అచ్చంగా అదే.

గది ఏలుబడి ఎక్కడ ముగుస్తుందో ష్రోడర్ ఫ్రీక్వెన్సీతో అంచనా వెయ్యొచ్చు. ప్రతిధ్వని కాలాన్ని సెకన్లలో, గది ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకుని, మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వర్గమూలం తీసి, 2,000తో గుణించాలి. మా హాలు 47.6 ఘనమీటర్లు, ప్రతిధ్వని 0.8 సెకన్లు. లెక్క సుమారు 260 దగ్గర తేలుతుంది. అది గోడకట్టిన సరిహద్దు కాదు, ఒక మసక ప్రాంతం. నేను 300 గీత పెట్టుకున్నాను. దానికి కింద గది కొలత, దానికి పైన ల్యాబ్ కొలత. ఫ్లాయిడ్ టూల్ గారు కూడా ఏళ్ల తరబడి చెబుతున్నది దాదాపు ఇదే: కింద గదిని చూసి దిద్దు, పైన స్పీకర్ని చూసి దిద్దు.

డాలస్ సంగతి ఇక్కడ తేలిపోతుంది. అక్కడి ఇళ్లు చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు కొట్టినవి. బేస్ తగిలితే ఆ గోడ కొంచెం ఊగి, కొంత శక్తిని మింగుతుంది, కొంత బయటికి వదిలేస్తుంది. మన సిమెంటు గోడ ఏమీ మింగదు, అంతా తిప్పికొడుతుంది. పైగా వాడి హాలు కిచెన్‌లోకి తెరుచుకుని ఉంటుంది. మా ఇంట్లో 11 డెసిబెల్స్ మిట్ట ఉన్నచోట వాడికి మిట్టే లేదు. లేని మిట్టని కోసి గొయ్యి చేసుకున్నాడు.

మీ స్పీకర్‌కి ల్యాబ్ డేటా లేకపోతే

మన దగ్గర అమ్మే చాలా స్పీకర్లకి, ముఖ్యంగా పాత సెట్లకీ, చేత్తో కట్టించుకున్నవాటికీ, ఎవరూ కొలిచి పెట్టలేదు. రెండు దారులున్నాయి. ఒకటి, 300 పైన ఏమీ ముట్టుకోకపోవడం. ఇది పిరికితనం కాదు, తెలియనిదాన్ని దిద్దకపోవడం. రెండోది డాబా.

మనకి డాబా ఉండటం ఈ విషయంలో వరం. స్పీకర్ని ఎత్తైన స్టూలు మీద నేల నుంచి మీటరున్నర ఎత్తులో పెట్టి, మైకు అదే ఎత్తులో మీటరు దూరంలో పెట్టండి. పిట్టగోడ, వాటర్ ట్యాంకు రెండూ రెండు మీటర్లకి పైనే ఉండాలి. నేలకి తగిలి వచ్చే అల నేరుగా వచ్చేదానికంటే సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆర్‌ఈడబ్ల్యూలో ఆ 6 దగ్గర కత్తిరించేస్తే మిగిలేది ఏ గదీ లేని స్పీకర్. దీన్నే గేటింగ్ అంటారు. లెక్కప్రకారం 160 హెర్ట్జ్ పైన అంతా చెల్లుతుంది కానీ, ఆ పద్ధతిలో వివరం కూడా 160 హెర్ట్జ్‌కి ఒక చుక్క చొప్పునే దొరుకుతుంది, అందుకని నేను 500 పైనే నమ్ముతాను. స్టూలు మీద సుద్దముక్కతో 0, 15, 30, 45, 60 డిగ్రీల గీతలు గీసి, ఒక్కో గీతకీ స్పీకర్ని తిప్పి కొలిస్తే ఐదు గ్రాఫులొస్తాయి. ఐదిట్లోనూ కనిపించే మిట్టే కొయ్యాలి. గాలి లేని రాత్రి చూసుకోండి. వర్షాకాలమైతే కీచురాళ్లు 4,000 పైన గ్రాఫుని రంపంలా చేస్తాయి, వాటికి చెప్పి చూశాను, వినలేదు.

మైకు ఎంత మంచిది కావాలి

సరిహద్దు గీత ఒప్పుకుంటే మైకు ఎంపిక సులువైపోతుంది. 300 కింద మాత్రమే కొలిచేవాడికి చవక కొలత మైకైనా చాలు, ఎందుకంటే ఈ మైకుల మధ్య తేడాలు ఎక్కువగా ట్రెబుల్లో ఉంటాయి. బెరింజర్ ఈసీఎం8000 తీసుకుంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే వెళ్లే కరెంటు) ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. ఇంట్లో పాడేవాళ్లుండి ఆ పెట్టె ముందే ఉంటే ఇదే నయం. లేకపోతే మినీడీఎస్‌పీ యూమిక్-1 యూఎస్‌బీ మైకు. ఒక్కో మైకుకి దాని సీరియల్ నంబరు మీద విడిగా కాలిబ్రేషన్ ఫైలు (ఆ మైకు సొంత తప్పుల్ని సరిచేసేది) ఇస్తారు. మైకుని స్పీకర్ వైపు పెడితే ఒక ఫైలు, కప్పు వైపు పెడితే 90 డిగ్రీల ఫైలు. డాబా మీద కొలవాలనుకుంటే ఇదే కొనండి. ఫోను మైకు? చాలా ఫోన్లు మాటలు స్పష్టంగా వినపడాలని బేస్‌ని కోసేస్తాయి, చప్పుడుని అణిచేస్తాయి. మనకి సరిగ్గా ఆ బేసే కావాలి.

సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం

పాట ఎక్కడి నుంచి వస్తుందో చూసి ఎంచుకోండి.

అంతా విండోస్ కంప్యూటర్ నుంచే వింటారా, ఆర్‌ఈడబ్ల్యూతో కొలిచి ఈక్వలైజర్ ఏపీఓలో వెయ్యండి. రెండూ ఉచితం. మీటలు కావాలంటే దాని మీద పీస్ అనే ముసుగు వేసుకోవచ్చు. ఆర్‌ఈడబ్ల్యూ ఈక్యూ కిటికీలో మ్యాచ్ రేంజ్ 20 నుంచి 300 అని పెట్టి, పెంచే పరిమితిని సున్నా చేసి లెక్కించమనండి. దించడం మాత్రమే చేస్తుంది. ల్యాబ్ ఫిల్టర్లు విడిగా కింద చేర్చుకోండి. ఎక్కడైనా పెంచితే, పెంచినంతా ప్రీఆంప్‌లో (మొత్తం లెవెల్ సర్దే మీట) తగ్గించండి, లేకపోతే గట్టి చోట్ల శబ్దం చిరుగుతుంది. ఒక చిక్కుంది: ప్లేయర్ వాసపి ఎక్స్‌క్లూజివ్‌లోనో ఆసియోలోనో (విండోస్ మిక్సర్‌ని దాటి నేరుగా సౌండ్ పరికరానికి పంపే పద్ధతులు) ఉంటే ఏపీఓని తప్పించుకుని పోతుంది. నేను రెండు రోజులు ఫిల్టర్లు మారుస్తూ, "ఆహా, ఇప్పుడు బావుంది" అనుకుంటూ విన్నాను, అసలు ఈక్యూయే పనిచెయ్యడం లేదు. చెవుల మీద నా గౌరవం ఆరోజు నుంచి కొంచెం తగ్గింది.

మ్యాక్‌లో ఏపీఓ లేదు. సౌండ్‌సోర్స్ డబ్బుపెట్టి కొనాలి, ఈక్యూమ్యాక్ ఉచితంగా దొరుకుతుంది. లినక్స్‌లో ఈజీఎఫెక్ట్స్ చాలు.

టీవీ, ఫోను, స్ట్రీమరు అన్నీ కలిసిన హాలైతే కంప్యూటర్ ఈక్యూ విసుగు తెప్పిస్తుంది, దిద్దుబాటు పెట్టెలోనే ఉండాలి. విమ్ స్ట్రీమర్లలో పది బ్యాండ్ల పారామెట్రిక్ ఈక్యూ (ఫ్రీక్వెన్సీ, డెసిబెల్స్, క్యూ మూడూ మనమే పెట్టుకునేది) ఉంది. ఆర్‌ఈడబ్ల్యూ లెక్కల్ని అందులో చేత్తో ఎక్కించుకోవచ్చు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే. అందులో ఫోనుతో కొలిచే గది దిద్దుబాటు కూడా ఉంది కానీ, ఫోను మైకు గురించి పైన చెప్పింది గుర్తుంచుకోండి. సబ్‌ఊఫర్ కూడా ఉంటే మినీడీఎస్‌పీ 2x4 హెచ్‌డీ అనే దిద్దుబాటు పెట్టె. రెండు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు, ఒక్కో చానెల్‌కి పది ఫిల్టర్లు, సబ్‌కి ఆలస్యం సరిచేసే వీలు. టింకరింగ్ ఇష్టమైతే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కామిల్లాడీఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్. ఎంత కావాలంటే అంత చెయ్యొచ్చు, ఆదివారాలు మాత్రం పోతాయి.

హోమ్ థియేటర్ రిసీవర్ ఉన్నవాళ్లకి ఆటోమేటిక్ దిద్దుబాటు దాంతోనే వస్తుంది. డెనాన్, మరాంజ్‌లలో ఎక్కువగా ఆడిసీ, యమహాలో వైపావ్. ఆడిసీ మొదటి ఫలితం నచ్చకపోతే తీసిపారెయ్యకండి. మల్ట్ఈక్యూ ఎడిటర్ యాప్ కొనుక్కుంటే దిద్దుబాటు ఏ ఫ్రీక్వెన్సీ దాకా చెయ్యాలో పరిమితి పెట్టొచ్చు, 2,000 దగ్గర అది కావాలని పెట్టే పల్లాన్ని ఆపెయ్యొచ్చు. 300 పరిమితి, పల్లం ఆఫ్. ఈ రెండు మార్పులతో ఆడిసీని తిట్టేవాళ్లు సగం మంది ఊరుకుంటారని నా నమ్మకం. డిరాక్, స్వీడన్‌లో ఉప్సాలా వాళ్లది, డబ్బు ఎక్కువైనా తెలివైనది. లెవెల్‌నే కాదు, కాలాన్ని కూడా దిద్దుతుంది, ఎక్కడిదాకా దిద్దాలో పరదాలా లాగి చూపించొచ్చు. 500 హెర్ట్జ్ దాకా మాత్రమే పనిచేసే చవక లైసెన్సు కొన్ని రిసీవర్లతో వస్తుంది. చాలామంది దాన్ని సగం సరుకనుకుంటారు. ఇంతదాకా చదివినవాళ్లకి అదే కావాల్సిన సరుకని అర్థమయ్యే ఉంటుంది.

ఆటోమేటిక్ అంటే మైకు ఎక్కడ పెట్టినా సరే అని కాదు. మా స్నేహితుడి ఇంటికి షాపు నుంచి వచ్చిన కుర్రాడు ఫ్యాను తిరుగుతుండగా, మైకుని సోఫా తలదిండు మీద ఆనించి, పది నిమిషాల్లో కొలత ముగించి సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. తలదిండు అంటే గుడ్డ మీద మైకు. వెనక గోడ అరడుగు. ఫలితంగా పాటకి బేస్ లేదు, మాటకి ముక్కు దిబ్బడ. మేం ఫ్యాను ఆపి, కెమెరా ట్రైపాడ్‌కి మైకు బిగించి, చెవి ఎత్తులో ఆరు చోట్ల మళ్లీ కొలిస్తే అదే రిసీవర్ బుద్ధిగా పనిచేసింది.

రీఫేజ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఫేజ్ (అలలు వచ్చే వేళ) కూడా దిద్దే, వేల గుణకాలతో (ట్యాపులు) లెక్కగట్టే ఎఫ్ఐఆర్ ఫిల్టర్లు చెయ్యాలా అని అడుగుతారు. పాటలకే అయితే సరదాగా చెయ్యండి. 48,000 శాంపిల్ రేటులో 65,536 ట్యాపుల లీనియర్ ఫేజ్ (అన్ని ఫ్రీక్వెన్సీలనీ సమానంగా ఆలస్యం చేసే) ఫిల్టర్ శబ్దాన్ని సెకనులో మూడింట రెండొంతులు ఆలస్యం చేస్తుంది. సినిమాలో హీరో నోరు మూశాక డైలాగు వినిపిస్తుంది. బేస్ మోత తగ్గించడానికి మామూలు పారామెట్రిక్ ఫిల్టర్లు చాలు.

సరిపోల్చేటప్పుడు ఒక్క సంగతి. మిట్టలు కోశాక పాట కొంచెం చిన్నగా వినిపిస్తుంది, చిన్నగా ఉన్నది ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది. ఈక్యూ ఆన్, ఆఫ్ రెండింటికీ వాల్యూమ్ సమం చేశాకే తీర్పు చెప్పండి. రెండు నిమిషాలు కాదు, రెండు రోజులు వినండి. మూలుగుతున్న బేస్‌కి అలవాటు పడ్డ చెవికి మొదట్లో అది లేకపోవడమే లోటు.

బావమరిదికి చివరికి ఏం పంపానంటే, ఆ ఏడులో మూడు: 1,100 దగ్గరిది, 4,000 దగ్గరిది, 700 దగ్గర ఒక చిన్న సర్దుబాటు. కింద భాగం నువ్వే కొలుచుకోమన్నాను. యూమిక్ తెప్పించుకుని, పిల్లలు బడికి పోయాక కొలిచాడు. 36 దగ్గర నాలుగు డెసిబెల్స్ మిట్ట ఒక్కటే తేలింది. ఒక్క ఫిల్టర్. "ఇంతేనా బావా, దీనికి మైకు కొనిపించావా" అని మొన్న కూడా అన్నాడు.